రెక్వియెమ్: ఆ బొమ్మలకు తగ్గ రాత ఎందుకు లేదు?

కుంచెపని | శనివారం, రాత్రి 9:12

ఎన్నేళ్ల నుంచో కొనాలనుకుంటున్న కామిక్ పుస్తకం మొత్తానికి చేతికొచ్చింది. ‘రెక్వియెమ్, వాంపైర్ నైట్’. బొమ్మలు ఒలివియే లెద్రువా, రాత ప్యాట్ మిల్స్. ఫ్రాన్స్‌లో మొదటి ఆల్బమ్, అంటే మొదటి సంపుటం, 2000లో వచ్చింది. నేను గేమ్స్‌కి బ్యాక్‌గ్రౌండ్లు వేస్తాను. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో మా సీనియర్ తన డెస్క్ పక్కన లెద్రువా పేజీ ఒకటి ప్రింటు తీసి అంటించుకున్నారు. కోట బురుజులు, వాటి మీద ఎముకల నగిషీ, వెనక ఎర్రటి ఆకాశం. రోజూ టీ తాగుతూ దాని ముందు నిలబడేదాన్ని. ఆ పేజీ వెనకున్న కథ ఎంత గొప్పదో అని అప్పటి నుంచీ ఊహించుకుంటూనే ఉన్నాను.

తెలియనివాళ్ల కోసం కథ చెప్తాను. హైన్రిక్ ఆగ్స్‌బర్గ్ ఒక జర్మన్ సైనికుడు. 1944లో తూర్పు యుద్ధరంగంలో రష్యన్ సైనికుడి చేతిలో చస్తాడు. రెబెక్కా అనే యూదు అమ్మాయిని ప్రేమించినవాడు. చచ్చి కళ్లు తెరిస్తే ‘రెసరెక్షన్’ అనే లోకంలో ఉంటాడు. మన భూమ్మీద నేల ఉన్నచోట అక్కడ సముద్రం, సముద్రం ఉన్నచోట నేల. కాలం వెనక్కి నడుస్తుంది. అక్కడివాళ్లు రోజురోజుకీ చిన్నవాళ్లవుతూ, జ్ఞాపకాలు పోగొట్టుకుంటూ చివరికి లేకుండా పోతారు. న్యాయం కూడా తలకిందులే. బతికుండగా ఎంత ఘోరం చేస్తే అక్కడ అంత పెద్ద హోదా. అందరికంటే ఘోరమైనవాళ్లు వాంపైర్లు, వాళ్లకు రాజు డ్రాకులా. హైన్రిక్ కూడా వాంపైర్ అయి రెక్వియెమ్ అనే పేరుతో ఆ దర్బారులో చేరతాడు.

ఇంత మంచి ఊహ దొరికితే ఎవరైనా కళ్లకద్దుకుని రాయాలి కదా! రెండు రోజులు ఆఫీసుకి సెలవు పెట్టి చదివాను. మొదటి ఆల్బమ్‌లో ముప్పై పేజీల దాకా ఊపిరి బిగబట్టి చూశాను. ఆ తర్వాత మాటలు అడ్డం వస్తున్నాయనిపించింది. మూడో ఆల్బమ్‌కి వచ్చేసరికి మాటలుండే బెలూన్లు వదిలేసి బొమ్మలు మాత్రమే చూస్తున్నానని గమనించుకుని నిజంగా బాధపడ్డాను. ఇది నా ఒక్కదానికేనా?

పాతచందమామ | శనివారం, రాత్రి 9:50

అమ్మా, నేను ఆ పుస్తకం చూడలేదు. నువ్వు రాసింది చదివాక వెతికి కొన్ని పేజీలు చూశాను. డెబ్బై దాటిన కళ్లకు కూడా పండగలా ఉంది. మేము చందమామలో శంకర్ గారి భేతాళుడి బొమ్మ కోసం నెలంతా ఎదురుచూసినవాళ్లం. విక్రమార్కుడి భుజాన శవం, చేతిలో కత్తి, వెనక చెట్టు, పుర్రెలు. ఆ ఒక్క బొమ్మ చూస్తే ఇల్లు నిశ్శబ్దమైపోయేది.

ఒక సంగతి అడుగుతాను. రాత బాగాలేదంటే దేన్ని అంటున్నావు? భాషా, సంభాషణా, కథా? మూడూ వేరు కదా.

కుంచెపని | శనివారం, రాత్రి 10:31

మాస్టారూ, మంచి ప్రశ్న. నేనూ ఆలోచించుకోలేదు. పుస్తకం మళ్లీ తీసి చూసి రాస్తున్నాను.

మొదటిది, పాత్రలన్నీ ఒకదానికొకటి ఆ లోకపు రూల్సు చెప్పుకుంటాయి. ఎవరు ఏ పాపానికి ఏ జాతిగా పుడతారు, ఎవరి కింద ఎవరు, నల్లమందు ఎందుకు తాగాలి... కత్తులు దూసి ఒకరి మీద ఒకరు దూకుతూ కూడా ఇవే వివరిస్తారు. నాకు నిజంగా తెలుసుకోవాలని ఉన్నది ఒక్కటే. ఇప్పుడే చచ్చిన మనిషికి లోపల ఎలా ఉంటుంది? హైన్రిక్ ఆశ్చర్యపోవడానికి కూడా రచయిత టైమ్ ఇవ్వలేదు.

రెండోది, ఆడవాళ్లు. లెద్రువా వాళ్ల ముఖాల్లో ఎంతో పలికించాడు. రాతలో మాత్రం కోరిక, కక్ష తప్ప ఇంకేం లేవు. క్లౌడియా అనే వాంపైర్ ఉంది. ఆవిడ కళ్లు గీసిన తీరు చూస్తే ఆవిడ జీవితం మీద వేరే పుస్తకం రాయొచ్చనిపిస్తుంది. నోరు తెరిస్తే ఆ ఆశ పోతుంది.

మూడోది నాకు అన్నిటికంటే కష్టంగా ఉన్నది, రెబెక్కా. దాని గురించి రేపు రాస్తాను. ఇప్పుడు రాస్తే కోపంగా రాస్తాను.

నల్లరేగడి | శనివారం, రాత్రి 11:05

అక్కా, నేను ఒప్పుకోను. నేను ఈ బుక్కు ఇంటర్ల ఉన్నప్పుడు దోస్తు దగ్గర చూసిన. అప్పటిసంది నాకు గిదే ఇష్టమైన కామిక్. అండ్ల అందరూ పాపాత్ములే. మంచోడు ఒక్కడు లేడు. అసొంటి లోకంల మనుషులు మెత్తగ, లోతుగ ఎట్ల మాట్లాడుతరు? అరుస్తరు, నరుకుతరు, గొప్పలు చెప్పుకుంటరు. మిల్స్ రాసింది గా లోకానికి సరిపోయింది. పదవి దొరకాలంటే దుర్మార్గం చెయ్యాలనే రూలు చూడు, అది మనం బతికే లోకం గురించే రాసిండు. నాకైతే మస్తు కోపం, మస్తు నిజం కనవడ్డయి.

రోన్‌నదిఒడ్డు | ఆదివారం, మధ్యాహ్నం 1:20

నేను ఫ్రాన్స్‌లో, లియాన్‌లో పదకొండేళ్లుగా ఉంటున్నాను. ఇక్కడ కామిక్స్ అంటే పిల్లల షెల్ఫులో పెట్టేవి కావు. పెద్ద సైజు, గట్టి అట్ట, ఆల్బమ్‌కి 48 పేజీలు అటూ ఇటూ. తాతలు, మనవలు ఒకే దుకాణంలో నిలబడి చదువుకుంటూ కనిపిస్తారు. రెక్వియెమ్ ఆ అలవాటులో నుంచి వచ్చిన పుస్తకమే. కాకపోతే రచయిత ఇంగ్లండ్ మనిషి. మిల్స్ ఇంగ్లీషులో రాస్తాడు, అది ఫ్రెంచిలోకి మారి అచ్చవుతుంది. మీరు చదివే ఇంగ్లీషు పుస్తకంలో ఆయన సొంత మాటలే ఉండొచ్చు కాబట్టి అనువాదాన్ని తప్పు పట్టడానికి లేదు.

ఇంకో విషయం గమనించండి. ఇలాంటి పేజీలు వెయ్యడానికి నెలల తరబడి పడుతుంది. ఒక ఆల్బమ్‌కీ మరోదానికీ మధ్య పాఠకుడు ఏడాది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ ఎదురుచూడాలి. పదకొండో ఆల్బమ్ తర్వాతైతే చాలా ఏళ్లు ఆగిపోయింది. అంతకాలం తర్వాత తెరిచినవాడికి లోకపు రూల్సు మళ్లీ గుర్తుచేయాలి, 48 పేజీల్లో ఏదో ఒక దెబ్బ కొట్టాలి. కుంచెపని గారికి అడ్డం వచ్చిన మాటల్లో సగం అందుకోసం రాసినవే అనుకుంటాను. అన్నీ కలిపి ఒకేసారి చదివితే అవి గుట్టగా కనిపిస్తాయి. ఇది సమర్థన కాదు, కారణం మాత్రమే.

సిరాబుడ్డి | ఆదివారం, సాయంత్రం 4:45

ఈ చర్చా దారం చూసి లాగిన్ అయ్యాను. ప్రచురణ సంస్థలో ఎడిటింగ్ నా పని. రెబెక్కా గురించి నేను కొంచెం రాయనా? కుంచెపని గారు ఆగిన చోట నేనూ ఒకప్పుడు ఆగిపోయాను.

రెసరెక్షన్‌లో లెమ్యూర్లు అనే వర్గం ఉంది. పాపాత్ముల చేతిలో బలైనవాళ్లు. చంపినవాడి మీద పగ తీరితే తప్ప విముక్తి లేనివాళ్లు. రెబెక్కా లెమ్యూర్. ఆమెను చంపినవాడు ఓటో, నాజీ అధికారి. ఆ లోకంలో ఓటో కూడా వాంపైరే, హైన్రిక్‌కి తోడుగా తిరిగేవాడే. అంటే ప్రేమించినవాడు, చంపినవాడు ఒకే పక్క, ఆమె ఇంకో పక్క. ఇంత బరువైన ముడి వేసినవాడికి రాత తెలియదని నేను అనలేను.

లెమ్యూర్ అనే మాట మిల్స్ పుట్టించింది కాదు. పాత రోమన్లు శాంతి లేని ప్రేతాలను అలా పిలిచేవారు. మే నెలలో 9, 11, 13 తేదీల్లో వాళ్లకోసం ఒక ఆచారం ఉండేది. ఇంటి యజమాని అర్ధరాత్రి లేచి, చెప్పులు లేకుండా నడుస్తూ, నల్ల చిక్కుడు గింజలు వెనక్కి విసురుతూ, వెనక్కి తిరిగి చూడకుండా తొమ్మిదిసార్లు ఒకే మాట అనేవాడు. ఈ గింజలతో నన్నూ నావాళ్లనూ విడిపించుకుంటున్నాను అని. కవి ఓవిడ్ రాసిపెట్టాడు. మన ఇళ్లల్లో నల్ల నువ్వులు వదిలే చేతులు నాకు వెంటనే గుర్తొచ్చాయి. వెనక్కి తిరిగి చూడకూడదనే నియమం మనకీ ఉంది. చచ్చినవాళ్లంటే భయం, వాళ్ల మీద ప్రేమ, రెండూ ఆ నియమంలో ఉన్నాయి.

ఇప్పుడు భాగవతం పంచమ స్కంధానికి రండి. తెలుగులో గంగన రాసిన భాగం. పరీక్షిత్తు అడిగితే శుకుడు నరకాలు చెప్తాడు, మొత్తం 28. అందులో రౌరవం ఉంది. ఇక్కడ ఎవడు ఏ ప్రాణులను హింసించాడో, ఆ ప్రాణులే అక్కడ రురువులై వాణ్ణి హింసిస్తాయి. రురువు పాము కంటే క్రూరమైన జంతువు. శిక్ష వేసేవాళ్లు యమభటులు కారు, బాధపడినవాళ్లే. ఒక్క వాక్యంలో ఎంత కథ ఉందో చూడండి. చదువుతూ నేను అడుగుతాను, ఆ ప్రాణికి రురువు కావాలని ఉందా? తనను చంపినవాడి కోసం తాను క్రూరజంతువుగా మారాలా? అది బలైనవాడికి కూడా శిక్షేనా?

మిల్స్ సరిగ్గా ఈ గుమ్మం దాకా వచ్చాడు. రెబెక్కా తన విముక్తి కోసం ఒకణ్ణి చంపాలి. ఆమె ఏమనుకుంటుంది? చంపడం ఆమెకు చేతనవుతుందా? చంపాక ఆమె ఎవరు? ఈ మూడు ప్రశ్నల మీద ఒక ఆల్బమ్ మొత్తం నడపొచ్చు. పుస్తకం మాత్రం ఆమెను హీరో వెతికే వస్తువుగా, హీరో బాధకు గుర్తుగా ఉంచుకుంది. ఒక జాతిని చంపిన చరిత్రను తీసుకుని, అందులో చనిపోయిన మనిషికి మాట ఇవ్వకుండా చంపినవాళ్ల కవచాలకు రంగులు పూయడం నాకు తప్పుగా అనిపించింది. అందుకే రెండేళ్లు ఆ పుస్తకం మళ్లీ ముట్టలేదు.

కుంచెపని | ఆదివారం, సాయంత్రం 5:30

సిరాబుడ్డి గారూ, నేను రాయలేకపోయింది మీరు రాశారు. రౌరవం సంగతి నాకు తెలియదు. చిన్నప్పుడు గుడి దగ్గర అమ్మే నరకం బొమ్మల పటంలో మనిషిని నూనెలో వేయించే బొమ్మ మాత్రం గుర్తుంది. అది ఏ నరకం?

సిరాబుడ్డి | ఆదివారం, సాయంత్రం 5:41

కుంభీపాకం. పక్షుల్నీ పశువుల్నీ ప్రాణంతో వండుకు తిన్నవాళ్లకు.

కుంచెపని | ఆదివారం, రాత్రి 8:15

మిల్స్‌కి రాయడం రాదు అని ఎవరైనా అంటే మాత్రం నేను ఊరుకోను. అందుకే ఈ పోస్టు.

ఈయన 1977లో ‘2000 ఏ.డి.’ అనే బ్రిటిష్ కామిక్స్ వారపత్రికను మొదలుపెట్టిన మనిషి, దాని మొదటి ఎడిటర్. 1979 నుంచి ‘బ్యాటిల్’ అనే ఇంకో వారపత్రికలో మొదటి ప్రపంచయుద్ధం మీద ‘చార్లీస్ వార్’ రాశాడు, 1985 దాకా. బొమ్మలు జో కోల్కహూన్, నలుపు తెలుపు. వారానికి మూడు నాలుగు పేజీలే. చార్లీ బోర్న్‌కి పదహారేళ్లు. వయసు ఎక్కువ చెప్పి సైన్యంలో చేరతాడు, 1916లో సోమ్ యుద్ధానికి వెళ్తాడు. పెద్దగా చదువుకోలేదు, ఇంటికి రాసే ఉత్తరాల నిండా స్పెల్లింగ్ తప్పులు. బొమ్మలో శవాల గుట్ట, పక్కన వాడి ఉత్తరంలో ‘నేను బాగున్నాను, భోజనం బాగుంది’ లాంటి మాటలు. అమ్మ భయపడకూడదని రాసే మాటలు అవి. చదివే మనకు గుండె చెరువవుతుంది.

వాడి స్నేహితుడు జింజర్ ఫిరంగి గుండుకి చనిపోతాడు. చార్లీ వాడి శరీరంలో మిగిలినవి ఒక సంచిలో ఏరుకుని మోసుకెళ్తాడు. అడిగినవాళ్లకి సంచిలో ఏముందో చెప్తాడు. అంతే. రచయిత ఒక్క మాట ఎక్కువ రాయలేదు. పిల్లలు కొనే వారపత్రికలో, చవక కాగితం మీద!

అదే మనిషి ఇరవై ఏళ్ల తర్వాత ఇంకో సైనికుడి కథ రాశాడు. ఆ సైనికుడు చచ్చాక ఏం జరిగిందో కూడా రాశాడు. దొరికిన చిత్రకారుడు ఈ కాలపు గొప్పవాళ్లలో ఒకడు. కాగితం మేలైనది, పేజీలకు కొదవ లేదు. మరి ఆ సంచి లాంటి ఒక్క దృశ్యం ఎందుకు లేదు? రాత్రంతా నన్ను పీకుతున్నది ఇదే.

పాతచందమామ | సోమవారం, ఉదయం 6:20

నిన్న రాత్రి ఇదే ఆలోచిస్తూ భారతం తీశాను. తిక్కన గారి స్వర్గారోహణ పర్వం. మీలో చాలామందికి తెలిసిన కథే అయినా ఈ దారానికి పనికొస్తుందని రాస్తున్నాను.

ధర్మరాజు స్వర్గానికి చేరగానే మొదట కనిపించినవాడు దుర్యోధనుడు, వెలిగిపోతూ సింహాసనం మీద. ఈ ఫ్రెంచి పుస్తకంలో పాపాత్ములకు పట్టాభిషేకం అన్నారే, మనవాళ్లూ ఆ బొమ్మ గీశారు. తేడా ఆ తర్వాత. నా తమ్ముళ్లు ఎక్కడ అని అడుగుతాడు. దూత వెంట వెళ్తాడు. చీకటి, దుర్గంధం, కేకలు. వెనక్కి తిరగబోతే గొంతులు వినిపిస్తాయి, ఒక్క క్షణం నిలబడు, నీ ఒంటి మీది గాలి సోకితే మా బాధ తగ్గుతోంది అని. ఎవరు మీరు అంటే, నేను కర్ణుణ్ణి, నేను భీముణ్ణి, నేను ద్రౌపదిని. అప్పుడు ధర్మరాజు దేవతల మీద కోపగించుకుని, పో, నేను రానని చెప్పు, ఇక్కడే ఉంటాను అని దూతను పంపేస్తాడు.

ఆ మాట కోసమే ఆ పర్వం. చచ్చినా, స్వర్గం చేతికందినా, అతను తేల్చుకోవాల్సింది ఇంకా ఒకటి మిగిలింది. పరలోకం కథలో నేను వెతికేది అదే. అక్కడికి వెళ్లాక కూడా మనిషి ఏదో ఒకటి ఎంచుకోగలగాలి. లేకపోతే అది గుడి దగ్గర పటమే. బొమ్మ ఎంత బాగా వేసినా పటమే.

అజామిళుడిదీ అంతే. ఆరో స్కంధం, సింగన రాసింది. చచ్చేవాడి మంచం పక్కన యమదూతలు, విష్ణుదూతలు నిలబడి ధర్మం గురించి వాదించుకుంటారు. కత్తి దూయరు. ఓడిన యమదూతలు వెళ్లి యముణ్ణి నిలదీస్తారు, అసలు ఈ లోకానికి శాసించేవాళ్లు ఎంతమంది అని. కింది ఉద్యోగి పై అధికారిని అడిగినట్టు. ఆ చిన్న ప్రశ్నలో వాళ్ల అవమానం, భయం మొత్తం కనిపిస్తుంది.

నీ హైన్రిక్‌కి ఎంచుకునే సందు రచయిత ఇచ్చాడా అమ్మా?

నల్లరేగడి | సోమవారం, ఉదయం 9:40

మాస్టారు, మీరు చెప్పిన కథ చదివి కండ్లల్ల నీళ్లొచ్చినయి. నేను ఆ పర్వం చదవలె. మా తాత చెప్తుంటె కుక్క కాడికే విన్న.

అయినా ఒక మాట. భారతం పక్కన పెడ్తె ఏ కామిక్ నిలవడ్తది? హైన్రిక్‌కి ఎంచుకునేది లేదంటే అదే ఆ లోకం శిక్ష అని నేను అనుకుంటున్న. కాలం ఎనుకకు నడుస్తది, యాదికున్నయన్ని పోతయి. తప్పు చేసిన అని యాది లేనోడు పశ్చాత్తాపం ఎట్ల పడ్తడు? దాన్ని మించిన నరకం ఏముంటది?

ఇంకోటి. అందరూ బొమ్మలు సూపర్, రాత వేస్ట్ అంటుండ్రు. నాకు బొమ్మల మీదనే కంప్లైంట్ ఉన్నది. కొన్ని యుద్ధం పేజీలల్ల ఎవడు ఎవణ్ణి కొడ్తుండో సమజ్ గాదు. అంగుళం జాగ ఖాళీ లేదు. కన్ను ఎక్కడ ఆపాల్నో తెల్వది. ముందు గా బాక్సు చూడాల్నా, గీ బాక్సు చూడాల్నా? నాలుగుసార్లు తిప్పి చూసిన. దాని గురించి ఎవ్వరు మాట్లాడరేంది?

రోన్‌నదిఒడ్డు | సోమవారం, మధ్యాహ్నం 2:05

తమ్ముడూ, నువ్వు చెప్పింది ఈ దారంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట కావచ్చు.

కామిక్‌లో రాత అంటే బెలూన్లోని మాటలే అనుకుంటాం. ఏ సంఘటనకు ఎన్ని పేజీలు, ఏ గడి ఎంత పెద్దది, ఎక్కడ పేజీ తిప్పాలి, ఎక్కడ ఎవరూ మాట్లాడకూడదు, ఇదంతా రాతే. బొమ్మలు వేసేవాడికి అందే స్క్రిప్టులో ఇవన్నీ ఉంటాయి, లేదా ఇద్దరూ కూర్చుని తేల్చుకుంటారు. రెక్వియెమ్‌లో ఎక్కడ చూసినా రెండు పేజీలు కలిపి పరిచిన బొమ్మ కవచానికో, కోటకో, యుద్ధానికో వెళ్తుంది. మనిషి బాధపడే చోటు చిన్న గడి. మిల్స్ లెద్రువాకి ఏం ఇష్టమో తెలిసి అది ఇస్తూ వెళ్లాడనిపిస్తుంది. వీళ్లిద్దరూ దీనికి ముందు 1990లలో ‘షా’ అనే మూడు ఆల్బముల కథ కూడా కలిసి చేశారు, కాబట్టి ఒకరి చెయ్యి ఒకరికి బాగా తెలుసు. చిత్రకారుడి మీద అంత ప్రేమ ఉన్న రచయితను నేను తప్పు పట్టలేను. ఆ ప్రేమ వల్లే కథకు ఊపిరి ఆడలేదని మాత్రం అంటాను. లెద్రువా ఒక్క పేజీ ఖాళీగా వదిలి ఉంటే! మంచు, ఒక మనిషి, అంతే. ఆయన వేస్తే అది ఎలా ఉండేదో ఊహించుకోండి.

గోరింటపొద | సోమవారం, సాయంత్రం 6:10

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా అబ్బాయికి పద్నాలుగేళ్లు, బొమ్మలు బాగా వేస్తాడు. ఈ దారంలో మీరు ఇంత చెప్తుంటే కొనిద్దామనిపించింది. ఇవ్వొచ్చా?

కుంచెపని | సోమవారం, సాయంత్రం 6:22

వద్దండీ. నెత్తురు, నగ్నత్వం, హింస చాలా ఉన్నాయి. పెద్దవాళ్ల పుస్తకం. బొమ్మలు నేర్చుకునే అబ్బాయి కదా, చార్లీస్ వార్ ఇవ్వండి. అందులోనూ చావు ఉంది, ముందు మీరు చదివి, తర్వాత పక్కన కూర్చుని చదివించండి. నలుపు తెలుపులో బురదను ఎలా గీయొచ్చో కోల్కహూన్ దగ్గర నేర్చుకుంటే రంగులు తర్వాత వస్తాయి.

గోరింటపొద | సోమవారం, సాయంత్రం 6:30

చాలా థాంక్స్ అండీ. పేరు రాసుకున్నాను.

సిరాబుడ్డి | సోమవారం, రాత్రి 9:00

నల్లరేగడి గారు అన్న ‘తప్పు చేశానని గుర్తులేనివాడు పశ్చాత్తాపం ఎలా పడతాడు’ అనే మాట దగ్గర నేను ఆగిపోయాను. మీరు చెప్పాక ఆ లోకం నాకు ఇంకో రకంగా కనిపిస్తోంది. నా కోపం పోలేదు గానీ, ఇది పుస్తకంలో ఉన్న నిజమైన ఆలోచన. బాధ ఏమిటంటే దీన్ని మీరు నాకు చెప్పాల్సి వచ్చింది. పుస్తకం రూల్‌గా చెప్పింది, దృశ్యంగా చూపించలేదు. హైన్రిక్ ఒక రోజు పొద్దున లేచి ఏదో ఒకటి మర్చిపోయి ఉండాలి, మనకు అది గుర్తుండాలి. అప్పుడు కదా మనకు తగిలేది.

ఎడిటర్‌గా నేను చూసిన చాలా రాతప్రతుల్లో ఇదే జబ్బు. లోకం కట్టడంలో ఎంతో శ్రమ పడతారు. కట్టిన లోకంలో ఒక మనిషి ఒక మధ్యాహ్నం ఏం చేస్తాడో చెప్పరు.

నల్లరేగడి | సోమవారం, రాత్రి 9:26

గారు అనకుండ్రి మేడం, నేను చిన్నోణ్ని. మీరన్నది కరెక్టే. నేను ఆ బుక్కును ఇన్నేండ్లు ప్రేమించింది నా తలకాయల దాన్ని నింపుకున్నందుకేమో. రేపు మళ్ల చదువుత.

కుంచెపని | మంగళవారం, రాత్రి 11:48

ఇవాళ ఆఫీసు నుంచి వచ్చి ఒక పని చేశాను. బెలూన్ల సైజులో తెల్ల కాగితం ముక్కలు కత్తిరించి, మొదటి ఆల్బమ్ మొత్తం మాటలు కప్పేస్తూ చదివాను. జిగురు వాడలేదు, పేజీ పాడుకాకుండా అలా పెట్టి తీశాను. రెండున్నర గంటలు పట్టింది.

మొదటి పేజీలు చాలా బాగున్నాయి. చావు, కళ్లు తెరవడం, తెలియని నేల, తెలియని ఆకాశం. మాటలున్నప్పటి కంటే భయం వేసింది. తర్వాత దర్బారు, కవచాలు, ఊరేగింపు. అక్కడ కూడా మాటలు లేని లోటు తెలియలేదు. యుద్ధాల్లో నల్లరేగడి చెప్పినట్టు దారి తప్పాను.

రెబెక్కా దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఏమీ మిగల్లేదు. కాగితం కప్పేస్తే ఆమె ఎవరో తెలియదు. అందంగా గీసిన ఇంకో ముఖం, అంతే. అంటే ఈ పుస్తకంలో మాటలు తప్పనిసరిగా కావాల్సిన మనిషి ఆమె ఒక్కతే. మిగతా అందరికీ బోలెడు మాటలు ఇచ్చారు.

మాస్టారూ, మీరు అడిగారు కదా, హైన్రిక్‌కి ఎంచుకునే సందు ఇచ్చాడా అని. ఆ పేజీ దగ్గర కూర్చుని చాలాసేపు వెతికాను. సందు అక్కడే ఉంది. ఇచ్చి ఉంటే ఆమె నోటి నుంచి ఇవ్వాల్సింది.

పాతచందమామ | బుధవారం, ఉదయం 5:55

ఆ కాగితం ముక్క మీద నువ్వైతే ఏం రాస్తావమ్మా?

కుంచెపని | బుధవారం, ఉదయం 8:30

బస్సులో ఇదే ఆలోచిస్తూ వచ్చాను. పగ గురించి, ఓటో గురించి, ఆ లోకపు రూల్సు గురించి ఏమీ రాయను. యుద్ధానికి ముందు వాళ్లిద్దరూ గడిపిన ఏదో ఒక మామూలు రోజు గురించి ఆమె అడగాలి. ‘ఆ రోజు వానలో గొడుగు మర్చిపోయింది నువ్వా, నేనా?’

అతనికి గుర్తు రాకూడదు. తర్వాతి పేజీ లెద్రువా ఖాళీగా వదలాలి.